ఎవరి తాలూకు

ఈ ఊళ్లో ముసలమ్మలు ముందు పేరడగరు.
బేకరీ వరసలో నిలబెట్టి, కళ్లజోడు కిందికి జార్చి,
"ఎవరి తాలూకు నువ్వు?" అంటారు.
ఈసాఫ్యోర్దుర్‌లో ఇంటిపేర్లు అరుదు,
తండ్రి పేరుకో తోక తగిలిస్తారంతే.
ఎవరి కొడుకు, ఎవరి కూతురు, ఏ పడవ తాలూకు.
నాలుగేళ్లుగా హెర్దీస్ నన్నడుగుతూనే ఉంది.
నాలుగేళ్లుగా రొట్టె పేరు చెప్పి తప్పించుకుంటున్నాను.

జనవరి. సూర్యుడు కొండ దాటి మా వీధిలో కాలు పెట్టడానికి
ఇంకా తొమ్మిది రోజులుంది.
హార్బర్ ఆఫీసులో హీటరూ, నేనూ, పాత సర్వరూ.
కాదు, పాతది శుక్రవారం పోయింది. ఇది కొత్తది.
ఇంజిన్‌ఎక్స్ ఎక్కించాను. పేజీ తెరుచుకుంది.
ఏ పడవ ఎన్ని కిలోల కాడ్ దించిందో
లోకమంతా చదువుకోవచ్చు.
అదే చిక్కు.
ఆ లెక్క కెప్టెన్లకే కనపడాలి.
తలుపుకి తాళం, ఏడుగురికి ఏడు తాళంచెవులు.

స్టేనార్ రిటైరవుతూ వదిలెళ్లిన నోటుబుక్కులో,
చేప పొలుసు అంటుకుపోయిన పేజీలో, ఒక్క ముక్క:
"తాళంచెవులకి హెచ్‌టీపాస్‌డబ్ల్యూడీ."
అచ్చులు మింగేసిన పేరు.
నాకేం కష్టం కాలేదు, నేను పోలండ్ దాన్ని,
హల్లుల గుంపులోనే పుట్టి పెరిగాను.
కొట్టాను.
కమాండ్ దొరకలేదు, అంది టెర్మినల్.
అక్షరం అక్షరం కూడబలుక్కుని మళ్లీ కొట్టాను.
దొరకలేదు.
ఇంజిన్‌ఎక్స్‌ని పీకి మళ్లీ ఎక్కించాను,
తలనొప్పికి తలగడ మార్చినట్టు.
ఆ పేరుతో ప్యాకేజీ ఇమ్మని అడిగాను.
అలాంటిదేం లేదంది.

రాత్రి పదకొండింటికి గానీ వెలగలేదు:
పనిముట్టు పేరు వేరు, అది కాపురముండే ఇంటి పేరు వేరు.
సూది కావాలని వీధిలో అరిస్తే ఎవరు పలుకుతారు?
ఏ ఇంట్లో, ఏ బిస్కెట్ల డబ్బాలో ఉందో తెలియాలి.

ఫైళ్ల చిట్టా వెతికే సాధనం తెచ్చుకున్నాను.
మొదట అదీ ఉత్త చేతులు చూపించింది.
చిట్టా ఇంకా దింపుకోలేదట.
దింపాను. ఈలోగా మంచు ఊడ్చే బండి
కిటికీ ముందు రెండుసార్లు తిరిగింది.
అప్పుడడిగాను, అచ్చం హెర్దీస్ గొంతుతో,
ఎవరి తాలూకు నువ్వు?

జవాబు బారెడు దిగింది.
సగం మాన్యువల్ పేజీలు, నాకు రాని భాషల్లో కొన్ని,
పేరులో పేరు కలిసిన దూరపు చుట్టాలు.
వాళ్ల మధ్య, బిన్ అనే గదిలో, ఒక్కటి:
అపాచీ-టూ-యుటిల్స్.

నవ్వొచ్చింది. అపాచీ మా ఇంటి మనిషి కాదు.
వీధికి అవతలి పక్క, అదే సరుకమ్మే దుకాణం.
భయమూ వేసింది, ఒక్క తాళంచెవి కోసం పిలిస్తే
సంసారమంతా సామాన్లతో దిగుతుందేమోనని.
దిగలేదు. పనిముట్ల పెట్టె ఒక్కటే వచ్చింది,
వెంట చిన్నవి రెండు మూడు లైబ్రరీలు,
అమ్మ కొంగు పట్టుకున్నట్టు.

ఏడు పేర్లు.
రెండో పేరు దగ్గర, "కొత్త పుస్తకం తెరువు" అనే సి-ని
తీసెయ్యడం మరిచాను. మొదటి కెప్టెన్ తుడిచిపెట్టుకుపోయాడు.
ఓర్మార్, నీకు తెలియదు గానీ,
నిన్న రాత్రి ఒక నిమిషం నువ్వు లేవు.
మళ్లీ రాశాను నిన్ను.

పొద్దున, అంటే గడియారం చెప్పిన పొద్దున, బేకరీ.
"ఎవరి తాలూకు?"
"హార్బర్ తాలూకు," అన్నాను ఈసారి.
హెర్దీస్ ఒప్పుకోలేదు.
"అది పని. నేనడిగేది మనుషుల్ని."
చిల్లర లెక్కపెడుతూ ఆలోచించాను,
ఆవిడ తన చిట్టా చివరిసారి ఎప్పుడు దింపుకుందో.
"రొట్టె కోసివ్వమంటావా?" అంది లోపలి పిల్ల.
కోసివ్వమన్నాను.